ఆస్తమా ఉన్న బాబు గదిలో చెమ్మ: డీహ్యూమిడిఫైయర్ పెడితే సరిపోతుందా?

ప్రశ్న: మా బాబుకి 9 ఏళ్లు, ఆస్తమా ఉంది. వాడు పడుకునే గదిలో మంచం వెనక గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటోంది, నల్లటి మచ్చలు కూడా పడ్డాయి. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. గాల్లో తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ కొందామనుకుంటున్నాం. ఎలాంటిది తీసుకోవాలి? అది పెట్టాక ఇన్‌హేలర్ ఆపేయొచ్చా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. ఇన్‌హేలర్ ఆపకండి. గదిలో తేమ తగ్గితే బాబుకి పడనివి కొన్ని తగ్గుతాయి, అంతేగానీ శ్వాసనాళాల వాపుకి ఆ మెషిన్ మందు కాదు. డోసు తగ్గించాలన్నా బాబుని చూస్తున్న డాక్టరే చెప్పాలి.

ఆ ఒక్క గోడే తడుస్తోందంటే నా అనుమానమంతా గోడ మీదే. అవతల బాత్రూమ్ ఉందేమో, పైపు కారుతోందేమో, బయట పగుళ్లలోంచి వాన నీరు దిగుతోందేమో చూడండి. లీకేజీని అలాగే వదిలేస్తే మెషిన్ రోజంతా నీళ్లు లాగుతూనే ఉంటుంది, గోడ తడుస్తూనే ఉంటుంది. ఆ మచ్చలు ఫంగస్, అది చచ్చినా అలర్జీ తెప్పిస్తుంది కాబట్టి సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి తీయాలి. పొడిగా గీకితే గాల్లోకి లేస్తుంది. తుడిచేటప్పుడు మీరు మాస్క్ పెట్టుకోండి, బాబుని ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి. మంచం కూడా గోడకి జానెడు దూరం జరపండి.

ఇక మెషిన్ కంటే ముందు తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొనండి. ఒక వారం పాటు పొద్దున, రాత్రి అంకె రాసుకోండి. తరచూ 60 శాతం దాటుతుంటే డీహ్యూమిడిఫైయర్ పనికొస్తుంది, 50 లోపే ఉంటే ఆ ఖర్చు దండగ. పరుపుల్లో ఉండి ఆస్తమాని రేపే డస్ట్ మైట్స్ (కంటికి కనిపించనంత చిన్న పురుగులు) నీళ్లు తాగవు, గాల్లో తేమనే పీల్చుకుని బతుకుతాయి, అందుకే తేమ వారాల తరబడి 50 లోపు ఉంటేనే వాటికి ఇబ్బంది. మెషిన్ ఒక్క రాత్రి వేసి తీసేస్తే వాటికి ఏమీ కాదు. అలాగని 30 కిందికి దించకండి, గొంతు, ముక్కు ఎండిపోయి దగ్గు ఇంకా ఎక్కువవుతుంది.

కొనేటప్పుడు పేరు ఒకటికి రెండుసార్లు చదవండి, హ్యూమిడిఫైయర్ అంటే తేమ పెంచేది. వెచ్చగా ఉండే గదికి కంప్రెసర్ రకం (గాలిని చల్లబరిచి నీళ్లు తీసేది) మంచిది, బాగా చలిగా ఉండే గదికి డెసికెంట్ రకం (తేమను పీల్చుకునే పదార్థంతో పనిచేసేది). పెట్టె మీద రాసిన రోజుకిన్ని లీటర్లు అనే లెక్క చాలా వరకు బాగా వేడి, తేమ ఉన్న గాలిలో కొలిచింది, మీ గదిలో అంతకంటే తక్కువే వస్తుంది. అనుకున్న శాతానికి రాగానే దానంతటదే ఆగే సదుపాయం తప్పనిసరి. పడకగదికి కాబట్టి శబ్దం ఎంతో కూడా విని తీసుకోండి.

తలుపులు, కిటికీలు మూసే నడపాలి. లేకపోతే బయటి తేమను ఆరబెడుతూ కూర్చుంటుంది. గది కాస్త వేడెక్కుతుంది, అది మామూలే. ట్యాంకు రోజూ ఖాళీ చేయండి. నాలుగు రోజులు వదిలేసి అడుగున వేలితో రాస్తే జిగురు జిగురుగా తగులుతుంది, అక్కడ సూక్ష్మజీవులు పేరుకుపోతున్నాయన్నమాట. ఆ నీళ్లు తాగడానికి, వంటకి వాడకూడదు. ఫిల్టర్‌ని రెండు వారాలకోసారి శుభ్రం చేయండి.

ఈలోగా బాబుకి మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల మధ్య లోపలికి గుంజుకుపోతున్నా, పెదవులు నీలంగా మారినా, రిలీవర్ ఇన్‌హేలర్ (అప్పటికప్పుడు ఉపశమనం ఇచ్చేది) ఇస్తూ వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.