స్నేహితుడు వారంగా నిద్రపోవట్లేదు, పొంతనలేని మాటలు, అప్పులు. ఇంట్లో చెప్పొద్దంటున్నాడు. చెప్తే ద్రోహమా?

కాదు. ఈరోజే చెప్పండి. మీ ప్రశ్న చదువుతుంటే 2019 వేసవిలో హైదరాబాదు ఎస్సార్ నగర్ హాస్టల్లో మా గది కళ్ళముందు కదిలింది.

మావాడు అసలు పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఇంటర్ నుంచి ఎరుగుదును. అలాంటివాడు ఉన్నట్టుండి తెల్లవారుజామున మూడింటికి లైటు వేసి, గోడనిండా కాగితాలు అంటించి, ప్రతి పల్లెకీ మంచినీళ్ళిచ్చే కంపెనీ పెడుతున్నానన్నాడు. క్రెడిట్ కార్డు మీద రెండొందల దుప్పట్లు కొని ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళకి పంచిపెట్టాడు, నడి ఎండాకాలంలో. మేం మెచ్చుకున్నాం కూడా. మొదట్లో అది ఉత్సాహంలాగే కనిపిస్తుందండీ. ఐదో రోజు మెస్‌లో, నేను తన ఆలోచనలు దొంగిలిస్తున్నానని నా కాలరు పట్టుకున్నాడు. గంజాయి అలవాటై ఉంటుందని మిగతావాళ్ళు తేల్చేశారు.

నేను వాడితో వాదనకి దిగాను. కంపెనీకి ఎంత డబ్బు కావాలో లెక్కగట్టి చూపించాను. చూపించినకొద్దీ రెచ్చిపోయాడు. అంతకంటే పెద్ద తప్పు, కోపంలో "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాల్రా" అనేశాను. హైదరాబాదులో ఆ మాట ఎంత తేలిగ్గా నోటికొస్తుందో మీకు తెలుసు, విశాఖలో చినవాల్తేరు పేరు చెప్పినట్టే. మా మెట్రో స్టేషన్ నుంచి ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి రెండు స్టాపుల దూరం. నా నోటిదురుసు వల్ల, ఆ తర్వాత ఎవరు డాక్టరు మాటెత్తినా వాడు గది తలుపుకి గొళ్ళెం పెట్టేసుకునేవాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి వాడు నా మాట విన్నది నిద్ర విషయంలోనే. జబ్బుందంటే ఒప్పుకోడు. "కళ్ళు మండుతున్నాయి కదరా, ఒక్క రాత్రి హాయిగా పడుకోవడానికి మందు అడుగుదాం" అంటే చెప్పులేసుకున్నాడు. తనలో మార్పు తనకి తెలియదు, నిద్ర లేదన్నది మాత్రం వాడికీ తెలుసు. మీరూ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. రాత్రికి ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఎంత ఖర్చుపెట్టాడు, ఏమన్నాడు, తేదీలతో రాసి పెట్టుకోండి. సైకియాట్రిస్టు ముందు మావాడు పావుగంట ఎంతో మామూలుగా మాట్లాడాడు. ఆయన మా కాగితం చూశాకే కుర్చీ ముందుకి జరుపుకుని ప్రశ్నలు మొదలుపెట్టారు.

వాళ్ళమ్మగారికి మాత్రం పదిరోజులు చెప్పలేదు, మాటిచ్చాను కదా అని. గుంటూరు జిల్లా పల్లెటూరు ఆవిడది. చివరికి చెప్పాక, "గాలి సోకిందేమో నాయనా" అంటూ తాయెత్తుతో దిగారు. కట్టండమ్మా, మందు కూడా వేయిద్దాం అన్నాను. తాయెత్తు గురించి గొడవపడి ఉంటే ఆవిడ వాణ్ణి ఆ పూటే ఊరికి తీసుకెళ్ళిపోయేవారు. రెండేళ్ళ కిందట వాడు నెలరోజులు మంచం దిగలేదనీ, మేనమామకీ ఇలాంటిదే ఉండేదనీ డాక్టరుకి చెప్పింది ఆవిడే. ఇంకో సంగతి కూడా బయటపడింది. అంతకు నెల ముందు వాడు ఒక క్లినిక్‌లో దిగులుగా ఉందని చెప్పి మాత్రలు రాయించుకున్నాడట. బైపోలార్, అంటే కొన్నాళ్ళు పట్టరాని ఉత్సాహం, కొన్నాళ్ళు లేవలేని దిగులు ఉండే జబ్బు, ఉన్నవాళ్ళకి దిగులు తగ్గించే మందొక్కటే ఇస్తే, కొందరికి మనసు ఇలా రెండో కొసకి ఎగబాకుతుందని డాక్టరుగారు వివరించారు. ఇది నాకెలా తెలుస్తుంది? అందుకే జబ్బు పేరు మీరు పెట్టకండి. గంజాయికైనా, థైరాయిడ్‌కైనా ఇలాంటి లక్షణాలు రావచ్చు. తేల్చాల్సింది డాక్టరు.

వాణ్ణి చేర్చుకోవాల్సి వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, రోగి ఒప్పుకునే స్థితిలో లేకపోతే, అతని తరఫు ప్రతినిధి అర్జీ మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూశాక 30 రోజుల వరకు ఉంచొచ్చు. స్నేహితులు చేతులు కట్టేసి కారెక్కించే పని కాదది. డిశ్చార్జ్ అయ్యాక లిథియం అనే మందు మొదలైంది. దానికి అప్పుడప్పుడు రక్తపరీక్షలుంటాయి, ఎండల్లో నీళ్ళు తగ్గనివ్వకూడదు, ఒళ్ళు నొప్పులని ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా కొని వేసుకోకూడదు. బాగుందని వాడు ఒకసారి మానేశాడు, మళ్ళీ మొదటికొచ్చింది.

ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. నా వల్లే ఆస్పత్రి పాలయ్యానన్నాడు. చాలా బాధపడ్డాను. తర్వాత ఒకరోజు వచ్చి తెల్లకాగితం చేతిలో పెట్టాడు. మళ్ళీ అలా అయితే తన తరఫున నిర్ణయాలకి సాయపడే ప్రతినిధిగా నా పేరు రాసి సంతకం చేశాడు. మామూలు కాగితం మీద అలా రాసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది.

మీవాడు చావు మాట ఎత్తాడా? సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఎత్తితే ఒంటరిగా వదలొద్దు, మాత్రలూ బ్లేడ్లూ పక్కకి తీసెయ్యండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి లేదా 112 చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 కూడా ఉంది, 2022లో పెట్టారు. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు. ఏం చేయాలో తోచని మీలాంటి స్నేహితులూ ఫోన్ చేయొచ్చు. మాకప్పుడు అది లేదు.

ఇక మీవాడి అమ్మగారికి ఫోన్ చేసినప్పుడు పిచ్చి అనే మాట వాడకండి. "ఇన్ని రోజులుగా నిద్రలేదు, నాకు భయంగా ఉంది, మీరు రావాలి" అనండి చాలు. ఏ బస్సుకి వస్తున్నారో కనుక్కుని, స్టాండుకి మీరే వెళ్ళండి. దారిలో చెప్పాల్సినవి చాలా ఉంటాయి.