ఐక్యూ 121 వచ్చింది... మరి మావారు ఎందుకిలా?

ప్రశ్న: మేడమ్ గారూ, మావారు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. నిరుడు బైక్ మీంచి పడితే నుదుటికి గట్టి దెబ్బ తగిలింది. మెదడు ముందు భాగం దెబ్బతిందని స్కాన్‌లో తేలింది. ఇప్పుడు మాట, నడక, జ్ఞాపకం అన్నీ బాగానే ఉన్నాయి. ఐక్యూ టెస్టులో 121 వచ్చింది. కానీ రైతు బజారుకు పంపితే సగం సరుకులే తెస్తారు. పొయ్యి మీద పాలు పెట్టి, పేపరు చదువుతూ కూర్చుంటారు. మెదడు ముందు భాగం పనితీరు చూసే ఫ్రంటల్ లోబ్ టెస్టుల్లో కొన్ని బాగా వచ్చాయి, కొన్ని రాలేదు. మా మరిదేమో ‘అంత తెలివి ఉందంటున్నారు కదా వదినా, ఇదంతా బద్ధకం’ అంటున్నాడు. ఏ టెస్టును నమ్మాలి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఈ జవాబు మీ మరిదికి చదివి వినిపించండి. ఇది బద్ధకం కాదు. నుదుటి వెనక దెబ్బ తగిలినవాళ్లలో ఇలా జరుగుతుందని డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు. 1940 ప్రాంతంలోనే మాంట్రియల్‌లో డొనాల్డ్ హెబ్ అనే శాస్త్రవేత్త, మెదడు ముందు భాగం కొంత తీసేసిన రోగులకు కూడా ఐక్యూ మామూలుగానే వస్తోందని గమనించి ఆశ్చర్యపోయాడు.

ఐక్యూ అంటే ఒకే టెస్టు కాదు. మాటల అర్థాలు, లోకజ్ఞానం, నోటి లెక్కలు, దిమ్మెలు పేర్చడం లాంటి చిన్న చిన్న టెస్టుల మార్కులన్నీ కలిపితే వచ్చే అంకె. ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి అందులో కొన్ని కొట్టిన పిండి. పాత చదువు అంత త్వరగా పోదు. 1995లో కేంబ్రిడ్జిలో జాన్ డంకన్ బృందం చూసిన ముగ్గురు రోగులు సరిగ్గా ఇలాంటివాళ్లే. మామూలు ఐక్యూలో చాలా ఎక్కువ స్కోరు. చదువుతో పని లేకుండా కొత్త బొమ్మల చిక్కుముడులు విప్పే టెస్టులో మాత్రం 20కి పైగా పాయింట్లు తక్కువ. కాబట్టి 121 అనే మొత్తం అంకె దగ్గర ఆగకండి. దేనిలో ఎంత వచ్చిందో విడివిడిగా అడిగి రాయించుకోండి.

ఇక ఫ్రంటల్ టెస్టులు. మీవారికి కార్డుల టెస్టు పెట్టే ఉంటారు. ఎదురుగా నాలుగు కార్డులుంటాయి. చేతిలోని కార్డును రంగును బట్టి జతచేయాలా, ఆకారాన్ని బట్టా, సంఖ్యను బట్టా అనేది ఎవరూ చెప్పరు. ‘రైట్’, ‘తప్పు’ అన్న మాటలను బట్టే కనిపెట్టాలి. వరసగా పది రైట్ కాగానే చెప్పాపెట్టకుండా రూలు మారిపోతుంది. 1963లో బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త మూర్ఛకు ఆపరేషన్ అయినవాళ్లకు ఈ టెస్టు పెట్టింది. ముందు భాగం తీసేసినవాళ్లు ‘తప్పు’ అంటున్నా పాత రూలునే పట్టుకుని వేలాడారు. అలాంటి రోగి ‘ఇది తప్పు’ అని తనే పైకి అంటాడు, చేయి మళ్లీ అటే పోతుంది. మీ మరిదికి అర్థం కావలసింది ఇదే. తెలియడం వేరు, తెలిసినదాన్ని సమయానికి చేయడం వేరు.

ఈ టెస్టులకు, తెలివికి సంబంధం ఉందా అంటే, కొన్నింటికి చాలా ఉంది. 2010లో రోకా, డంకన్ తదితరులు 44 మంది ఫ్రంటల్ రోగులను పరీక్షించారు. కార్డుల టెస్టులో, వేగంగా మాటలు చెప్పే టెస్టులో కనిపించిన లోటంతా కొత్త చిక్కు విప్పే తెలివి తగ్గడం వల్లనే అని తేలింది. ఒకేసారి నాలుగు పనులు సర్దుకోవడం, ఎదుటివాళ్ల మనసు గ్రహించడం లాంటివాటిలో లోటు మాత్రం ఆ లెక్కకు అందలేదు. అందుకే మీవారి రిపోర్టు అలా కలగాపులగంగా ఉంది. టెస్టులు ఒకదాన్నొకటి కాదనడం లేదమ్మా, వేర్వేరు సంగతులు చెబుతున్నాయి.

అన్నింటిలో నెగ్గినా జీవితంలో దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. 1985లో అమెరికాలోని అయోవా డాక్టర్లు ఒక రోగి గురించి రాశారు. ఆయన లెక్కలు చూసే ఉద్యోగి. మెదడులో గడ్డ తీశాక కూడా ఐక్యూ చాలా ఎక్కువ, కార్డుల టెస్టూ పాసే. కానీ ఏ హోటల్లో తినాలో తేల్చుకోవడానికి గంటలు పట్టేది. ఒక్కో హోటల్ మెనూ, కుర్చీల అమరిక అన్నీ చర్చించి, కారేసుకుని వెళ్లి రద్దీ చూసొచ్చి, అప్పటికీ తేల్చుకోలేకపోయేవాడు. ఉద్యోగం పోయింది, ఆస్తి పోయింది, కాపురం నిలవలేదు.

లండన్‌లో షాలిస్, బర్జెస్ అనే సైకాలజిస్టులు 1991లో రోగులను నిజం బజారుకే పంపి చూశారు. బ్రెడ్ కొనాలి, టమాటా ధర కనుక్కోవాలి, చెప్పిన టైముకు చెప్పిన చోట ఉండాలి. మంచి ఐక్యూ ఉన్న రోగులే అక్కడ తడబడ్డారు. మీ రైతు బజారు కూడా అలాంటి టెస్టే. అక్కడ ఏమేం జరుగుతోందో ఒక కాగితం మీద రాసి సైకాలజిస్టుకు ఇవ్వండి, రిపోర్టుతో పాటు దానికీ విలువ ఉంటుంది.

ఇంట్లో అయితే, సరుకుల చీటీ చేతికిచ్చి ఒక్కొక్కటి కొనగానే కొట్టేయమనండి. పాలు పొయ్యి మీద పెట్టగానే ఫోన్‌లో అలారం పెట్టించండి. అప్పు సంతకాలు, పెద్ద మొత్తాల చెల్లింపులు కొన్నాళ్లు మీకు చెప్పకుండా చేయకుండా ఇద్దరూ ఒక మాట అనుకోండి. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి మొదట పాఠం చెప్పే పని మాత్రమే ఇప్పించండి. టైమ్‌టేబుల్, ఇన్విజిలేషన్ లాంటివి తర్వాత చూసుకోవచ్చు.