‘చదువుకో’ అనకుండా చదివించడం

చి. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బళ్ళో 3వ తరగతి పిల్లలు 30 మంది, ఇంట్లో నీ ఇద్దరు. అందరి చేతా రోజూ పుస్తకం పట్టించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. మాట దగ్గర మొదలుపెట్టు. మనకు పరీక్షకు చదవడమూ చదువే, కథ చదవడమూ చదువే. ‘కాసేపు చదువుకోరా’ అని నువ్వు కథల పుస్తకాన్ని తలుచుకుని అన్నా, పిల్లవాడి చెవికి పాఠం, ప్రశ్నలు, జవాబులు అనే వినబడుతుంది. ముఖం ముడుచుకునేది అందుకే. దీనికి వేరే పేరు పెట్టు. ‘కథల వేళ’ అను, ‘పుస్తకాల గంట’ అను, లేదా పిల్లలనే పెట్టమను. పేరు మార్చి ఊరుకుంటే లాభం లేదు, ఆ కాసేపట్లో నువ్వు చేసే ఏ పనికీ పరీక్ష వాసన తగలకూడదు. ఈ ఉత్తరంలో సగం ఆ వాసన ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చెప్పడానికే.

ముందు బడి సంగతి. హాజరు పిలిచిన వెంటనే మొదలుపెట్టు. చివరి పీరియడ్‌లో పెట్టావంటే వారం తిరక్కుండానే ఎగిరిపోతుంది. ఏ పాఠం మిగిలినా, ఏ మీటింగు వచ్చినా ముందు కోత పడేది దానికే. మొదటి వారం 5 నిమిషాలు చాలు. తొలిరోజే 15 నిమిషాలు కూర్చోబెడితే ఆరో నిమిషానికి పెన్సిళ్ళు చెక్కడం, మంచినీళ్ళకు లేవడం మొదలవుతుంది. నువ్వు అరుస్తావు. ఇక ఆ వేళ అంటే పిల్లలకు అరుపులే గుర్తుంటాయి. వారానికి 2 నిమిషాలు పెంచుకుంటూ పో, ఆరో వారానికి 15 అవుతుంది. ఈ వయసుకు అది చాలు. ‘ఇంకాసేపు టీచర్’ అంటున్నప్పుడే ఆపు.

ఈ 15 నిమిషాల్లో సగం పుస్తకం వెతుక్కోవడానికే పోతుందని చాలామంది మొత్తుకుంటారు. పుస్తకం ఎంచుకోవడం, చదవడం రెండూ ఒకే వేళలో పెట్టడం వల్ల వచ్చే తంటా ఇది. ముందురోజు బడి వదిలే ముందు వరసకొకరు చొప్పున పుస్తకాల పెట్టె దగ్గరికి పంపు. ఒక్కొక్కరు రెండేసి పుస్తకాలు తీసుకుని తమ చోట పెట్టుకోవాలి. ఒకటి నచ్చకపోతే రెండోది చేతిలో ఉంటుంది, లేవాల్సిన పని ఉండదు.

పెట్టె అన్నాను కదా, బీరువా అనలేదు. బీరువాకు తాళం ఉంటుంది, తాళానికి ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి సెలవులో ఉంటాడు! పుస్తకాలు దాచుకోవడానికి కాదు, వాడుకోవడానికే అన్నది గ్రంథాలయాలకు మొదటి సూత్రమని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ గారు 1931లోనే చెప్పారు. పిల్లల చేతికందే ఎత్తులో, అట్టలు ఎదురుగా కనబడేలా పెట్టు. వీపు మీద పేరు చూసి పుస్తకం ఎంచుకోవడం పెద్దవాళ్ళ అలవాటు, పిల్లలు బొమ్మ చూసి తీస్తారు. 30 మందికి మొత్తం 90 నుంచి 100 పుస్తకాలుంటే బండి నడుస్తుంది. అన్నీ ఒకేసారి పరచకు. పెట్టెలో 60 ఉంచి, మిగతావి దాచి, 15 రోజులకోసారి 20 మార్చు. అదే పాత పుస్తకం నెల తర్వాత తిరిగొస్తే కొత్తదానిలా చూస్తారు. సగానికి మించి కథలు వద్దు. జంతువులు, యంత్రాలు, పొడుపుకథలు, పాటలు, బొమ్మల కథలు, పాత పిల్లల పత్రికలు కలుపు. కథంటే మొహం తిప్పుకునే పిల్లవాడు చీమల పుట్ట లోపల ఎలా ఉంటుందో చూపించే పుస్తకాన్ని వదలడు.

లెక్క పిల్లలకే అప్పగించు. వారానికి ఇద్దరు. నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు: పేరు, పుస్తకం నంబరు, తీసుకెళ్ళిన తేదీ, తిరిగిచ్చిన తేదీ. అంతకన్నా వద్దు. ‘పుస్తకం గురించి అభిప్రాయం’ అని ఐదో గడి గీశావంటే పిల్లలు రాయడానికి భయపడి తీసుకెళ్ళడమే మానేస్తారు. పుస్తకాలు చిరుగుతాయి, ఏడాదికి నాలుగైదు పోతాయి కూడా. ఒక్కటీ చిరగలేదు, ఒక్కటీ పోలేదు అని ఏ బడిలోనైనా గొప్పగా చెబితే అక్కడ పుస్తకాలు ఎవరూ ముట్టుకోలేదని నేను అర్థం చేసుకుంటాను. నెలకోసారి జిగురు, పారదర్శక టేపు తెచ్చి పిల్లలతోనే అతికించు.

పిల్లలు చదువుతుంటే నువ్వేం చేయాలి? నోటుపుస్తకాలు దిద్దుకోవద్దు. మొదటి రెండు వారాలు నువ్వూ వాళ్ళ ఎదురుగా కూర్చుని నీ పుస్తకం చదువుకో. మూడో వారం నుంచి రోజుకు ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకుని మూడేసి నిమిషాలు మెల్లగా చదివించి విను. 15 పనిదినాల్లో 30 మందీ అయిపోతారు. ఇది ఎందుకు ముఖ్యమంటే, అమెరికాలో 2000లో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం ఇచ్చిన నివేదికలో ఒక సంగతి ఉంది. పక్కన పెద్దవాళ్ళుండి సాయం చేస్తూ పైకి చదివిస్తే ధారాళంగా చదవడం వస్తుందని తేలింది. పుస్తకం చేతికిచ్చి మౌనంగా చదువుకోమని వదిలేస్తే అదే వస్తుందనడానికి చాలినంత ఆధారం దొరకలేదు. మౌనంగా చదివే వేళ అలవాటుకు పనికొస్తుంది, నువ్వు వినే ఆ మూడు నిమిషాలు నైపుణ్యానికి. రెండూ కావాలి.

ఇంకా కూడబలుక్కుంటున్న పిల్లలు మౌనంగా చదవలేరు. పేజీలు తిప్పుతూ చదువుతున్నట్టు నటిస్తారు. వాళ్ళను ఇద్దరిద్దరిని జంటగా గది చివర కూర్చోబెట్టి గుసగుసగా చదువుకోనివ్వు. కాస్త గోల ఉంటుంది, ఉండనీ.

పుస్తకం ఆ పిల్లకు తగిందో కాదో తెలుసుకోవడానికి తేలిక దారి ఒకటుంది. సుమారు 100 మాటలుండే భాగం చదవమను. తట్టుకుని ఆగిపోయిన ప్రతి మాటకూ ఒక వేలు మడవమను. ఐదు వేళ్ళూ మూతపడితే అది ఇప్పటికి బరువు. రెండు మూడు మడిస్తే సరిగ్గా సరిపోయింది. చిన్న పిల్లల పుస్తకాల్లో పేజీకి 20, 30 మాటలే ఉంటాయి కాబట్టి నాలుగైదు పేజీలు కలిపి చూడాలి. ఒక్క పేజీకే వేళ్ళన్నీ మడిచే దాకా ఆగితే అప్పటికే ఆ పిల్ల విసిగిపోయి ఉంటుంది. బరువైన పుస్తకమే కావాలని పట్టుబడితే లాక్కోకు, నువ్వు చదివి వినిపించు. తేలికది పదోసారి చదువుతుంటే ‘మళ్ళీ అదేనా’ అనకు. ఒకే పుస్తకం తిరిగి తిరిగి చదివినప్పుడే మాటలు కంటికి పట్టుబడతాయి.

ఇక తడబాటు సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. పుస్తకంలో ‘వరదలో పడవ కొట్టుకుపోయింది’ అని ఉంది. పిల్ల ‘వరదలో పడవ’ వరకు బాగానే వచ్చింది. తర్వాత ‘కొ... ట్టు... కు... పో...’ అంటూ ఒక్కో అక్షరం పట్టుకుని వెళ్ళి, ‘ది’ దగ్గరికి చేరేసరికి ‘కొ’ మరిచిపోయింది. మన మాటలు పొడుగు. ఒక మాటకు ఇంకో మాట అతుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి. అక్షరాలన్నీ వచ్చిన పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోతారు. ‘గుణింతం మరిచిపోయావా?’ అని గద్దిస్తే రోగం ఒకటి, మందు ఒకటి. నువ్వు చేయాల్సింది ఇదీ: నోరు మెదపకుండా మనసులో ఐదు లెక్కపెట్టు. ఈలోగా తనే దారిలో పడొచ్చు. పడకపోతే ‘పోయింది’ మీద వేలు అడ్డం పెట్టి ‘కొట్టుకు’ ఒక్కటే చూపించు. అది అన్నాక వేలు తీసి ‘పోయింది’ చూపించు. తర్వాత రెండూ కలిపి అనమను. ఆ వాక్యం మొదటి నుంచి ఒకసారి చదివించి ముందుకు సాగిపో. అప్పటికీ రాకపోతే నువ్వే ఆ మాట చెప్పెయ్, తను తిరిగి అంటుంది, అంతే. ఒక మాట మీద అరనిమిషం దాటితే కథ తెగిపోతుంది. కొన్నాళ్ళకు ‘కొట్టుకుపోయింది, ఎగిరిపోయింది, మరిచిపోయింది’ అన్నిటిలో ‘పోయింది’ ఒక్క చూపులోనే కనబడుతుంది.

ప–వ–ష, మ–య, ద–ధ–థ తడబడుతుంటే అవి ఒక చీటీ మీద రాసి పెట్టుకుని వేరే వేళలో చెప్పు, కథ మధ్యలో కాదు. ఇంకొకటి, ‘వస్తున్నాడు’ అన్నదాన్ని తన ఇంటి యాసలోకి మార్చి చదివితే సరిదిద్దకు. అర్థం పట్టుకుని చదువుతోందనడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు.

నువ్వు చదివి వినిపించడం వారానికి నాలుగు రోజులైనా ఉండాలి, 10 నిమిషాలు. వాళ్ళు సొంతంగా చదవగలిగినదానికన్నా ఒక మెట్టు పైనున్న పుస్తకం తీసుకో. ముందురోజు రాత్రి ఒకసారి చదువుకుని రా, లేకపోతే పొడుగు వాక్యం మధ్యలో నీకే ఊపిరి తెగుతుంది. ఉత్కంఠ దగ్గర ఆపి పుస్తకాన్ని పెట్టెలో కనబడేలా పెట్టు. మర్నాటికి ఎవరో ఒకరు మిగతాది చదివేసి వస్తారు, వచ్చి అందరికీ చెప్పేస్తారు కూడా. కోప్పడకు. అడగాలనిపిస్తే ‘తర్వాత ఏమవుతుందంటావు?’ అని ఒక్కటే అడుగు. ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అని మాత్రం దయచేసి అడగకు. మన బళ్ళలో కథ అంతా విని నవ్విన పిల్లలు ఆ ప్రశ్న రాగానే చేతులు కట్టుకుని నిలబడి, ఏ కథకైనా సరిపోయే ఒకే జవాబు చెబుతారు.

నక్షత్రాల చార్టు పెట్టాలనుకుంటున్నానని రాశావు. వద్దు. ఎవరెన్ని పుస్తకాలు చదివారో గోడకెక్కిస్తే పిల్లలు సన్నటి పుస్తకాలు వెతుక్కుంటారు, మెల్లగా చదివేవాడికి తన స్థానం రోజూ గోడ మీద కనబడుతుంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయించారు. తర్వాత ఖాళీగా వదిలితే వాళ్ళు ఆ పెన్నుల జోలికి తక్కువగా వెళ్ళారు. ముందు చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. గోడ మీద ఏదైనా పెట్టాల్సిందే అనుకుంటే తరగతి మొత్తం చదివిన పుస్తకాల పేర్లు ఒకే పొడుగు కాగితం మీద రాయించు, పిల్లల పేర్లు లేకుండా.

ఇంటి సంగతి తేలిక. రోజూ జరిగే ఏదో ఒక పని వెనకాల దీన్ని కట్టెయ్. రాత్రి భోజనమయ్యాక, పక్క వేశాక, ఏదైనా సరే, గడియారం చూసి పెట్టకు. 10 నిమిషాలు. ఆ 10 నిమిషాలు నీ ఫోనూ పక్క గదిలో ఉండాలి. నువ్వు ఫోను చూస్తూ వాడిని పుస్తకం చూడమంటే వాడు చూసేది నీ ఫోనునే. పడుకునే వేళకు కళ్ళు మూతలు పడుతుంటే సాయంత్రానికి జరుపు. ఒకరోజు తప్పితే మర్నాడు 20 నిమిషాలు చదివించకు, బాకీ తీర్చినట్టుంటుంది. అల్లరి చేశాడని శిక్షగా చదివించనూ వద్దు, శిక్షగా కథ ఆపనూ వద్దు.

చిన్నదానితో కలిసి చదివేటప్పుడు ఇద్దరూ ఒకే గొంతుగా పైకి చదవండి. తనకు ధైర్యం వచ్చినప్పుడు నీ చేతి మీద తట్టమను, నువ్వు ఆగిపోతావు, తను ఒంటరిగా సాగుతుంది. తడబడితే పైన చెప్పినట్టు ఐదు లెక్కపెట్టి, మాట అందించి, మళ్ళీ కలువు. పెద్దవాడు చదవడంలో వెనకబడ్డానని సిగ్గుపడుతున్నాడన్నావు కదా, వాడిని చెల్లెలికి చదివి వినిపించమను. తన కోసమైతే చిన్నపిల్లల పుస్తకం ముట్టుకోడు. చెల్లి కోసమైతే దర్జాగా చదువుతాడు, వాడికి కావాల్సిన తేలిక సాధన అందులోనే అయిపోతుంది.

నీ తరగతిలో కొందరి తల్లిదండ్రులకు చదవడం రాదు. వాళ్ళను పిలిచి ‘చదివించండి’ అంటే తలదించుకుంటారు. ‘వినండి’ అని చెప్పు. పిల్ల చదువుతుంటే పక్కన కూర్చుని ‘ఊఁ’ కొట్టడం, ‘తర్వాత?’ అనడం, బొమ్మ చూసి తమకు తోచిన కథ చెప్పడం. దీనికి అక్షరం ముక్క అవసరం లేదు.

ఎవరైనా పుస్తకం ముక్కుకు ఆనించి చూస్తున్నా, వరస తప్పి చదివిన వరసే చదువుతున్నా బద్ధకమనే ముందు కళ్ళు పరీక్ష చేయించమను. వరస తప్పేవాళ్ళకు ఒక అట్టముక్క ఇచ్చి చదివే వరస కింద పెట్టుకోమను. మూడు నెలలు రోజూ పక్కన కూర్చున్నా అక్షరాలే నిలవకపోతే అది నీ వల్లా వాడి వల్లా వచ్చింది కాదు, చదవడంలో ఇబ్బందులు చూసే నిపుణులకు చూపించాలి.

మొదటి రెండు వారాలూ ఎవరు ఏ పుస్తకం ఎన్నో పేజీలో వదిలేశారో చూసి రాసి పెట్టుకో. చదివి ముగించినవాటికన్నా వదిలేసినవాటి జాబితాయే నాకు కావాలి. పంపితే రెండో విడత 20 పుస్తకాల్లో ఏం పెట్టాలో, పెట్టెలోంచి ఏం తీసెయ్యాలో రాస్తాను.

పిల్లలకు ముద్దులు.

మీ పెద్దమ్మ