వాల్థర్ మంచిదే, మరి అందరి దగ్గరా గ్లాక్ ఎందుకు?

తమ్ముడూ, గ్రీన్ కార్డు చేతికొచ్చిన నెలలోనే ఈ ప్రశ్న అడిగావు. షాపులో వాల్థర్ కంపెనీ పిస్టల్ పీడీపీ పట్టుకుంటే చేతిలో చక్కగా ఇమిడిందని, ట్రిగ్గర్ గ్లాక్ పిస్టల్ కంటే బాగుందని రాశావు. అయినా నీకు తెలిసినవాళ్ళలో ఒక్కరి దగ్గరా అది లేదు కాబట్టి అందులో ఏదో లోపం ఉండి ఉంటుందని నీ అనుమానం. లోపం ఏమీ లేదు. దానికంటే ముందు వచ్చిన పీపీక్యూ నా దగ్గర 2015 నుంచి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తూటా ఇరుక్కోలేదు. కానీ దాని మీద నేను పెట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు రూల్స్ రెండు ముక్కల్లో. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఇక్కడ గన్ కొనుక్కోవచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా కుదరదు. హంటింగ్ లైసెన్స్ ఉంటే ఒక మినహాయింపు ఉంది కానీ, లాయర్ని అడగకుండా దాన్ని నమ్ముకుని వీసాను ప్రమాదంలో పెట్టుకోవద్దు. ఫ్రెండ్ కోసం నీ పేరు మీద కొనడం పెద్ద నేరం, ఆ పని పొరపాటున కూడా చేయకు. స్టేటును బట్టి మిగతావి మారతాయి, తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బీ, అంటే మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు ఉండొచ్చో కూడా మారుతుంది. గన్‌ల సంగతి చూసే ఫెడరల్ శాఖ ఏటీఎఫ్ సైటు, మీ స్టేట్ సైటు చూసుకుంటే అన్నీ ఉంటాయి. చదువుకున్నవాడివి, అవి నేను చెప్పాల్సిన పని లేదు. ఏ సైటులోనూ ఉండనిది ఖర్చు సంగతి.

నేను 2006లో వచ్చాను, గ్రీన్ కార్డు రావడానికి 2014 అయింది. అప్పటికి ఇల్లు కొన్నాం, డల్లాస్ శివార్లలో. ఆ మరుసటి సంవత్సరం పక్క వీధిలో దొంగతనం జరిగింది. మా ఆవిడ వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఆ టెన్షన్లో గన్ కాల్చి ప్రాక్టీసు చేసే చోటుకి, అంటే రేంజ్‌కి వెళ్ళి మూడు పిస్టళ్ళు అద్దెకు తీసుకుని కాల్చి చూశాను. గ్లాక్ 19, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ, వాల్థర్ పీపీక్యూ. మూడూ స్ట్రైకర్ రకమే. అంటే వెనక బయటికి కనిపించే సుత్తి ఉండదు, లోపలే స్ప్రింగ్ బిగించిన పిన్ను ముందుకు దూకి తూటాని కొడుతుంది. గ్లాక్‌లో స్లైడ్, అంటే పైన వెనక్కి లాగే లోహపు భాగం, లాగినప్పుడు ఆ స్ప్రింగ్ కొంతవరకే బిగుస్తుంది, మిగతాది మన వేలే ట్రిగ్గర్ లాగుతూ బిగించాలి. పీపీక్యూలో దాదాపు మొత్తం ముందే బిగిసి ఉంటుంది, వేలు దాన్ని వదిలిపెడితే చాలు. అందుకే ట్రిగ్గర్ అంత నున్నగా ఉంటుంది.

ఆ రోజు చేతికి తెలిసిన తేడా ఇప్పటికీ గుర్తుంది. ఒక తూటా కాల్చాక ట్రిగ్గర్ మీద వేలు తీయకుండా మెల్లగా ముందుకు వదులుతూ వస్తే, అంగుళంలో పదో వంతు కదిలేసరికే లోపల 'టిక్' మని చిన్న శబ్దం. అంతే, రెండో తూటాకి సిద్ధం. గ్లాక్‌తో నా కాగితం మీద చిల్లులు అరచేయంత మేర చెదిరితే, వాల్థర్‌తో అవే పది చిల్లులు సగం జాగాలో పడ్డాయి. రేంజ్‌లో నేర్పే పెద్దాయన కూడా కాగితం చూసి తలూపాడు. నాకు ఇంకేం ఆలోచన రాలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడతో "పది నిమిషాల్లో తేల్చేశాను" అని గొప్పగా చెప్పాను. అసలు తప్పు ఆ పది నిమిషాలే.

పిస్టల్ 560 డాలర్లు, మా టెక్సాస్ టాక్స్ కలిపి 606. డబ్బాలో రెండు మ్యాగజైన్లు ఇచ్చారు. ప్రాక్టీసుకి రెండు చాలవు, ప్రతిసారీ ఆగి నింపుకోవాలి, గంట అద్దె అందులోనే కరిగిపోతుంది. ఇంకో నాలుగు కావాలంటే ఒక్కోటి 42 డాలర్లు. అదే వారం గ్లాక్ 19 కొన్న మా ఆఫీసు కొలీగ్, నెల్లూరతను, ఉన్నాడు. అతనికి డబ్బాలోనే మూడు వచ్చాయి. మరో మూడు వేరే కంపెనీ చేసినవి ఒక్కోటి 15కి కొనుక్కున్నాడు. గ్లాక్‌కి మ్యాగజైన్లు చేసే బయటి కంపెనీలున్నాయి కాబట్టి ధర కిందికి దిగింది. వాల్థర్‌కి నేను వెతికినంత మేర కంపెనీవి తప్ప దొరకలేదు.

హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, దాని దగ్గర ఇంకా నష్టపోయాను. షాపులో గోడ నిండా హోల్‌స్టర్లు వేలాడుతున్నాయి. ఆ చివర నుంచి ఈ చివరిదాకా వెతికాను. గ్లాక్, గ్లాక్, ఎం అండ్ పీ, మళ్ళీ గ్లాక్. వాల్థర్ అన్న మాటే లేదు. కౌంటర్లో ఉన్నతను "ఇది అన్నిటికీ సరిపోతుంది" అని గుడ్డతో కుట్టినది 30 డాలర్లకి అంటగట్టాడు. మెత్తటి సంచిలాంటిది. పిస్టల్ బయటికి తీయగానే నోరు మూసుకుపోయేది, మళ్ళీ పెట్టాలంటే రెండో చేత్తో తెరవాలి. అలాంటిది చాలా ప్రమాదం, ట్రిగ్గర్ దగ్గర గుడ్డ మడత ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకో. తర్వాత ఆన్‌లైన్‌లో గట్టి ప్లాస్టిక్‌ది, కైడెక్స్ అంటారు, 85 డాలర్లకి ఆర్డర్ పెట్టాను. ఎనిమిది వారాలు పట్టింది. వచ్చిన రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక, పిస్టల్ ఖాళీ చేసి, రెండుసార్లు చూసుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని లోపలికి నెట్టాను. సరిగ్గా కూర్చుంటే 'టక్' మని పట్టుకోవాలి. ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ, దగ్గర అర అంగుళం బయటే ఆగిపోయింది. వాళ్ళు వాల్థర్లోనే వేరే మోడల్ అచ్చు మీద చేసి పంపారు. ఆర్డర్ మీద చేసింది కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వం అన్నారు. మూడోది 90 డాలర్లు. అది సరిపోయింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను. హోల్‌స్టర్ల మీదే 205 డాలర్లు పోయాయి. నెల్లూరతను గోడ మీది నుంచి 35 డాలర్లది ఒకటి తీసుకుని వెళ్ళిపోయాడు.

చీకట్లో మెరిసే సైట్స్, అంటే గురి చూసే ముక్కలు, 110, బిగించడానికి ఇంకో 40. అతను 70కి కొనుక్కుంటే, గ్లాక్ పనిముట్లున్న పక్కింటాయన ఊరికే బిగించి పెట్టాడు. మొత్తం వేసి చూసుకో. నాది 606, 168, 205, 150, కలిపి 1,129. అతనిది టాక్స్‌తో పిస్టల్ 585, మ్యాగజైన్లు 45, హోల్‌స్టర్ 35, సైట్స్ 70, కలిపి 735. తేడా 394 డాలర్లు. కౌంటర్ దగ్గర మాత్రం రెండు పిస్టళ్ళ ధరలో తేడా 20 డాలర్లే. ఆ 394 పెట్టి అతను అప్పట్లో 20 సెంట్ల చొప్పున దాదాపు రెండు వేల తూటాలు కొనగలడు. మంచి ట్రిగ్గర్ ఉన్న నాకంటే రెండు వేల తూటాలు ఎక్కువ కాల్చినవాడే బాగా కాలుస్తాడు. ఏడాది తిరిగేసరికి అదే జరిగింది కూడా.

ఇక నీ అసలు ప్రశ్న, ఇంత మంచి పిస్టల్ ఎందుకు వెనకబడిందని. వాల్థర్ నిన్నమొన్న పుట్టిన కంపెనీ కాదు. 1886 నాటిది, జర్మనీలో ఉల్మ్ ఊళ్ళో ఇప్పుడు తయారీ. గ్లాక్ సంస్థ పిస్టల్ పని మొదలుపెట్టిందే 1980ల్లో. 1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17 తీసుకుంది, అక్కడి నుంచి అది అమెరికా వచ్చింది. సరిగ్గా అదే సమయంలో ఇక్కడి పోలీసులు రివాల్వర్లు వదిలేసి ఎక్కువ తూటాలు పట్టే పిస్టళ్ళకి మారుతున్నారు. గ్లాక్ వాళ్ళు పోలీసు శాఖలకి తక్కువ ధరకిచ్చారు, పాత తుపాకులు మార్పిడి కింద తీసుకున్నారు. ఒక్కసారి పోలీసుల నడుముకి ఎక్కిందంటే దాని వెనకే అన్నీ వస్తాయి. హోల్‌స్టర్ కంపెనీ ముందు దానికే అచ్చు పోస్తుంది. రిటైరైన పోలీసు ట్రైనింగ్ క్లాసు పెడితే తనకు చేయి తిరిగిన దానితోనే నేర్పుతాడు. శాఖలు పాతవి అమ్మేస్తే అవి చవగ్గా షాపులకొస్తాయి, కొత్తగా కొనేవాడు వాటితోనే మొదలుపెడతాడు. దాదాపు పాతికేళ్ళు ఇలా నడిచాక పీపీక్యూ వచ్చింది, 2011లో.

వచ్చిన తీరు కూడా కలిసిరాలేదు. మొదటి పీపీక్యూకి మ్యాగజైన్ వదిలే మీట ట్రిగ్గర్ గార్డు పక్కన ఉండేది, యూరప్ పద్ధతిలో. నిజానికి అది ఏ చేత్తోనైనా వాడుకోవచ్చు, ఎడమచేతి వాళ్ళకి మరీ బాగుంటుంది. కానీ ఇక్కడివాళ్ళ బొటనవేలు బటన్‌కి అలవాటు పడింది, దాన్ని మార్చుకునే ఓపిక ఎవరికీ లేదు. 2013లో బటన్ పెట్టి ఎం2 తెచ్చారు, నేను కొన్నది అదే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2012 దాకా అమెరికాలో వాల్థర్ పిస్టళ్ళు అమ్మిపెట్టింది స్మిత్ అండ్ వెసన్. వాళ్ళకి 2005 నుంచి సొంతంగా ఎం అండ్ పీ ఉంది. సొంత కొడుకుని ఇంట్లో పెట్టుకుని పొరుగు పిల్లాడికి సంబంధాలు ఎవరు వెతుకుతారు? నా ఉద్దేశంలో వాల్థర్‌కి జరిగిన అసలు నష్టం ఇదే. అర్కాన్సాస్‌లోని ఫోర్ట్ స్మిత్‌లో సొంత ఆఫీసు పెట్టుకుని వాల్థర్ వాళ్ళు కుదురుకునే లోపే సిగ్ అనే ఇంకో కంపెనీ పిస్టల్ పీ320 వచ్చింది. 2017 జనవరిలో అమెరికా సైన్యం దాన్నే ఎంచుకుంది. దానితో పాటే హోల్‌స్టర్లు, క్లాసులు, అన్నీ మళ్ళీ అటే వెళ్ళాయి.

నీకు నచ్చిన పీడీపీ 2021లో వచ్చింది. రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం, బిగించుకోవడానికి స్లైడ్ మీద చోటు ముందే కోసి ఇస్తారు, పట్టు ఇంకా బాగుంది, చిన్న చేతుల వాళ్ళకని ఎఫ్ మోడల్ కూడా ఉంది. మీ ఆవిడ కూడా కాల్చేటట్టయితే ఆ ఎఫ్ చూపించు, ఆవిడ చేతికి ఏది కుదిరితే దాని గురించే ఆలోచించు. పీడీపీ స్లైడ్ ఎత్తుగా, దిట్టంగా ఉంటుంది. గొట్టం చేతికంటే కాస్త పైన ఉండటంతో కాల్చినప్పుడు మూతి ఎగిరినట్టు అనిపిస్తుంది. షాపులో ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కి చూస్తే ఇది తెలియదు. నా కాలంతో పోలిస్తే ఇప్పుడు హోల్‌స్టర్లు చాలా నయం. గ్లాక్ అంత కాకపోయినా దొరుకుతాయి.

నువ్వు కొత్తగా వచ్చావు, చేతిలో జీతం ఆడుతోంది, షాపువాడు నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నాకూ అలాగే ఉండేది. కొనే ముందు ఒక కాగితం తీసుకో. పిస్టల్, టాక్స్, ఆరు మ్యాగజైన్లు, ఒక గట్టి హోల్‌స్టర్, సైట్స్ లేదా రెడ్ డాట్, పిల్లలున్న ఇల్లయితే తాళం వేసే పెట్టె, ఒక క్లాసు, వెయ్యి తూటాలు. పెట్టె మీద మాత్రం పొదుపు చేయకు. రెండు పిస్టళ్ళకీ పక్కపక్కనే రెండు వరసల్లో ఇవాళ్టి ధరలు రాసి కూడుకో. తూటాలకి కొంచెం ఎక్కువే వేసుకో. 2020లో 9 ఎంఎం తూటా కొరత వచ్చి, 20 సెంట్లది 70 సెంట్లు దాటిన రోజులు చూశాను. ఖరీదైన పిస్టల్ బీరువాలో ఉండి, కాల్చడానికి చేతులు రాని వాళ్ళని మన తెలుగువాళ్ళలోనే చాలామందిని చూశాను.

అమ్మేసే రోజు సంగతీ చూసుకో. 2018లో ఒకసారి మనసు విరిగి నా పీపీక్యూని షాపుకి తీసుకెళ్ళాను. అటూ ఇటూ తిప్పి, బాగుందని మెచ్చుకుని, 260 డాలర్లు ఇస్తానన్నాడు. "మంచిదే కానీ అడిగేవాళ్ళు లేరు, నెలల తరబడి అద్దాల బీరువాలో పడుంటుంది" అన్నాడు. నేను మాట్లాడకుండా వెనక్కి తెచ్చేసుకున్నాను. అప్పుడు కడుపు మండింది కానీ, ఇవాళ సంతోషిస్తున్నాను. డబ్బు ఎలాగూ పోయింది, పిస్టల్ మాత్రం నా చేతికి అలవాటైన వస్తువు. వచ్చిన కొత్తలో అద్దె కట్టడానికి లెక్కలేసుకున్నవాడిని, ఆ 1,129 డాలర్లని కూడా నిదానంగా పూడ్చుకున్నాను.

ఇవన్నీ చూసుకున్నాక కూడా నీ కాగితం మీద వాల్థర్ వరస నీకు భారం కాకపోతే నిశ్చింతగా కొనుక్కో. అప్పుడు పీడీపీలో కాంపాక్ట్ అనే చిన్న సైజు తీసుకో, దానికి పీపీక్యూ ఎం2 మ్యాగజైన్లు సరిపోతాయి. నా దగ్గర ఆరు ఉన్నాయి, నాకు నాలుగు చాలు. డల్లాస్ వైపు ఉండేటట్టయితే వచ్చి రెండు తీసుకెళ్ళు, నీకు ఎనభై డాలర్ల పైనే మిగులుతాయి.