ఆఖరి పేజీ చూడకండి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన మాట "మంచి సస్పెన్స్ పుస్తకం ఒకటి చెప్పండి". చెబుతాం. కానీ ముందు మీరొకటి చెప్పాలి. మీ చేత పేజీ తిప్పించే ప్రశ్న ఏది? ఎవరు చంపారన్నదా, ఎలా చంపారన్నదా, ఎందుకు చంపారన్నదా, లేక ఇప్పుడేమవుతుందన్నదా? ఈ నాలుగూ నాలుగు రకాల పుస్తకాలు. "ఎవరు" కోసం కూర్చున్నవాళ్ల చేతిలో "ఎందుకు" పుస్తకం పెడితే యాభయ్యో పేజీ దగ్గర మూసేస్తారు. తప్పు పుస్తకానిదీ కాదు, వాళ్లదీ కాదు.

అగాథా క్రిస్టీవి రెండు చదివాను. మిగతావి వరసగా చదవాలా, ఏది దొరికితే అది చదవొచ్చా?
పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

ఆమె రాసిన 66 డిటెక్టివ్ నవలల్లో దాదాపు దేనికదే విడి కథ, కాబట్టి వరస అక్కర్లేదు. అయితే దారిలో రెండు గోతులున్నాయి, అవి మాత్రం తెలిసి నడవాలి. 1937లో వచ్చిన "డంబ్ విట్‌నెస్"లో డిటెక్టివ్ పొయిరో పిచ్చాపాటీ మధ్యలో తన పాత కేసుల్లోని నలుగురు హంతకుల పేర్లు బయటపెట్టేస్తాడు. ఆ కేసులు "ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్", "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్", "ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రెయిన్", "డెత్ ఇన్ ది క్లౌడ్స్". ఈ నాలుగూ అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. అలాగే "కార్డ్స్ ఆన్ ది టేబుల్" (1936) కన్నా ముందు "మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" (1934) చదివేయండి. రెండోదాని గుట్టు మొదటిదాంట్లో రట్టవుతుంది. "కర్టెన్" పొయిరో ఆఖరి కేసు, దాన్ని ఆఖరికే ఉంచండి.

ఇంకో చిక్కు పేర్లది. ఒకే నవల ఇంగ్లండులో ఒక పేరుతో, అమెరికాలో మరో పేరుతో వచ్చింది. "4.50 ఫ్రమ్ పాడింగ్టన్", "వాట్ మిసెస్ మెక్‌గిలికడీ సా" రెండూ ఒకటే. "లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్", "థర్టీన్ ఎట్ డిన్నర్" కూడా అంతే. పాత పుస్తకాల దుకాణంలో కొత్త పేరు కనిపించిందని డబ్బులివ్వకండి, ముందు మొదటి పేజీ చదవండి.

మొదలుపెట్టడానికి మా ఓటు "ది ఏబీసీ మర్డర్స్"కి (1936). తర్వాత "రోజర్ ఆక్రాయిడ్" (1926). డిటెక్టివే లేని "అండ్ దెన్ దేర్ వర్ నన్" (1939) మూడోది. ఒక చిత్తుకాగితం మీద ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడున్నారో రాసుకుంటూ చదవండి. మూడొంతులు అయ్యాక ఆగి, మీ అనుమానం ఎవరి మీదో కారణంతో సహా రాయండి. ఈ పని చేయకపోతే చివర "నాకు ముందే తెలుసు" అనిపిస్తుంది. ఆ మాట నిజం కాదని కాగితం చెబుతుంది.

విషాల సంగతిలో ఆమెను నమ్మొచ్చు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మందులు కలిపే డిస్పెన్సరీలో పనిచేసింది. మొదటి నవల "స్టైల్స్"లో స్ట్రిక్నిన్ ఉన్న టానిక్‌లో బ్రొమైడ్ కలిస్తే విషం అడుక్కి దిగి ఆఖరి మోతాదులో పేరుకుంటుంది. అది నిజమైన రసాయనశాస్త్రమే. 1977లో లండన్ ఆసుపత్రిలో ఒక పసిబిడ్డ జబ్బు డాక్టర్లకు అంతుపట్టలేదు. అప్పుడు క్రిస్టీ నవల "ది పేల్ హార్స్" చదువుతున్న నర్సు అవి అందులోని థాలియం విషం లక్షణాలేనని గుర్తుపట్టింది.

విశాఖ నుంచి సికింద్రాబాద్ వందేభారత్‌లో వెళ్తున్నాను. ఎక్కి దిగేలోపు అయిపోయే థ్రిల్లర్ చెప్పండి.
పాఠకుడు, గోపాలపట్నం

ప్రయాణం సుమారు ఎనిమిదిన్నర గంటలు. టిఫిను, భోజనం, ఒక కునుకు తీసేయండి. రాజమండ్రిలో గోదావరి వంతెన మీద ఎవరూ పుస్తకం వంక చూడరు, అదీ తీసేయండి. చేతికొచ్చేది ఆరు గంటలు. ఇంగ్లీషు నవల గంటకు 35 పేజీల లెక్కన చదివినా 210 పేజీలు. అంచేత ఫ్రెడరిక్ ఫోర్సైత్ రాసిన "ది డే ఆఫ్ ది జాకల్" (1971) వద్దు. అది మంచి పుస్తకమే, కానీ కాజీపేట దాటేసరికి ఇంకా సగంలోనే ఉంటారు. షెర్లాక్ హోమ్స్ నవల "ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్విల్స్" పట్టుకెళ్లండి. 15 అధ్యాయాలు, గంటకు మూడు చొప్పున వేసుకుంటే సరిపోతుంది. తెలుగే కావాలంటే యండమూరి "అభిలాష". ఉరిశిక్ష రద్దు కోసం ఒక లాయరు కావాలని హత్యకేసులో ఇరుక్కోవడం దాని మూలం. 1983లో వచ్చిన సినిమా చూసినవాళ్లు కూడా చదవొచ్చు.

"జాకల్"ని తిరుగు ప్రయాణం తర్వాత ఇంట్లో చదవండి. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి కిరాయి హంతకుడు బయల్దేరతాడు. డిగాల్ 1970లో ఇంట్లోనే సహజంగా పోయాడని పుస్తకం వచ్చేనాటికి లోకమంతటికీ తెలుసు. అయినా ఊపిరాడదు. నకిలీ పాస్‌పోర్టు ఎలా తెచ్చాడు, తుపాకీ ఎలా చేయించాడు, పోలీసులు ఎన్ని గంటలు వెనకబడ్డారు అన్న లెక్కలే మనల్ని లాగుతాయి. "ఏమవుతుంది" తెలిసిపోయినా "ఎలా" మిగిలే ఉంటుంది.

నిజంగా జరిగిన నేరాల పుస్తకాలు ఇష్టం. వాటిలో రాసిందంతా నిజమేనా?
పాఠకుడు, సీతమ్మధార

కాదు. ట్రూమన్ కపోటీ "ఇన్ కోల్డ్ బ్లడ్" (1966) ఈ రకానికి పెద్దదిక్కు. కాన్సస్‌లో 1959లో ఒక రైతు కుటుంబంలో నలుగురిని చంపిన కేసు అది. దాని చివర సమాధుల దగ్గరి సన్నివేశం కపోటీ కల్పించినదేనని ఆయన జీవితచరిత్ర రాసినాయనే తేల్చాడు. ఇద్దరే ఉన్న గదిలో, ఇద్దరూ చనిపోయాక, వాళ్ల మాటలు కోట్స్‌లో కనిపిస్తే ఇది ఎవరు చెప్పారని అడగండి. ఈ ఒక్క అలవాటుతో సగం కల్పన బయటపడుతుంది.

రెండోది, పుస్తకం తేదీ చూడండి. నోయిడాలో జరిగిన ఆరుషి హత్యకేసు మీద అవిరూక్ సేన్ రాసిన "ఆరుషి" 2015లో వచ్చింది. అప్పటికి 2013 నాటి ట్రయల్ కోర్టు తీర్పు ప్రకారం తల్లిదండ్రులు దోషులు. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వాళ్లను నిర్దోషులంది. పుస్తకం విచారణలోని లోపాలను ఎత్తిచూపిందే, కానీ ముగింపు అందులో ఉండదు. హైకోర్టు తీర్పు దొరికించుకుని పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. ముంబయి బాంబు పేలుళ్ల మీద హుస్సేన్ జైదీ రాసిన "బ్లాక్ ఫ్రైడే" (2002) ఎవరు ఎక్కడికి వెళ్లారు, సరుకు ఎలా దిగింది అన్న వివరాలకు బాగుంటుంది.

సెక్షన్ల గురించి ఒక మాట. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 302 కాదు, 103. మోసం 420 కాదు, 318. అంతకుముందు జరిగిన నేరాలకు పాత నంబర్లే వర్తిస్తాయి. కాబట్టి కొత్తగా వచ్చిన పుస్తకంలో 302 కనిపిస్తే తప్పనుకోవద్దు, నేరం తేదీ చూడండి. ఇక స్టేషన్లో పోలీసు ముందు ఒప్పుకున్నాడు, కేసు అయిపోయింది అని రాసినవాటిని నవలల బీరువాలోకి మార్చేయండి. పోలీసుకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. చట్టం పేరు మారినా ఆ సూత్రం మారలేదు.

మా అబ్బాయి బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసొచ్చి సబ్‌మెరైన్ కథలు కావాలంటున్నాడు. జూల్స్ వెర్న్ కొనిస్తే విసుగన్నాడు.
పాఠకురాలు, మల్కాపురం

విసుగు వెర్న్‌ది కాకపోవచ్చు, అనువాదానిది కావచ్చు. "ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ"కి 1870ల్లో వచ్చిన మెర్సియర్ ఇంగ్లీషు అనువాదం దాదాపు పావు వంతు పుస్తకాన్ని కోసేసింది. కాపీరైట్ లేదు కాబట్టి చవక ముద్రణలు చాలావరకు అదే అచ్చేస్తాయి. అందులో ఉక్కు సాంద్రత నీటి సాంద్రతలో 0.7 నుంచి 0.8 వంతు అని ఉంటుంది. అసలు లెక్క నీటికి 7.8 రెట్లు. ఉక్కు ఊళ్లో పెరిగే పిల్లవాడు నవ్వడూ?

గుర్తుపట్టడం తేలిక. మొదటి అధ్యాయం పేరు "ఎ షిఫ్టింగ్ రీఫ్" అని ఉంటే మెర్సియర్. "ఎ రనవే రీఫ్" అని ఉంటే ఎఫ్.పి. వాల్టర్ చేసిన పూర్తి అనువాదం. అది పాత పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేరులోని 20,000 లీగ్‌లు లోతు కాదని కూడా చెప్పండి. లీగ్ 4 కిలోమీటర్లు, మొత్తం 80,000 కిలోమీటర్ల ప్రయాణం. భూమిని రెండుసార్లు చుట్టినట్టు.

చదివాక ఇంకోసారి ఆర్.కె. బీచ్‌కి తీసుకెళ్లండి. నవలలోని సబ్‌మెరైన్ నాటిలస్ పొడవు 70 మీటర్లు, కురుసుర 91 మీటర్లు. నాటిలస్ కెప్టెన్ నీమోకి గ్రంథాలయం, పైపు ఆర్గన్ ఉన్నాయి. కురుసురలో సుమారు 75 మంది ఆ ఇరుకులోనే తిని పడుకునేవాళ్లు. నాటిలస్ మన బంగాళాఖాతంలోకీ వస్తుంది, రెండో భాగం మొదట్లోనే. నీమో అసలు ఎవరన్నది వెర్న్ 1875లో పూర్తిచేసిన "ది మిస్టీరియస్ ఐలండ్"లో చెప్పాడు. మేం చెప్పం. మనకు మరీ దూరపు చుట్టం కాదని మాత్రం అంటాం.

పెద్దవాళ్లకు లోతార్ గుంతర్ బుహైమ్ "దాస్ బోట్" (1973). రచయిత 1941లో యుద్ధవిలేఖరిగా జర్మన్ సబ్‌మెరైన్ యూ-బోట్‌లో తిరిగినవాడు. కురుసురలాగే అదీ డీజిల్ పడవ. తడి బట్టలు, డీజిల్ కంపు, రోజుల తరబడి ఏమీ జరగకపోవడం, తర్వాత ఒక్కసారిగా అన్నీ జరగడం. పిల్లలకు వద్దు, భాష మోటు.

తెలుగు డిటెక్టివ్ నవలల పాత పాకెట్ పుస్తకాలు సేకరిస్తున్నాను. ఏవి వెతకాలి? కొన్నవి పేజీలు ఊడిపోతున్నాయి.
పాఠకుడు, అక్కయ్యపాలెం

కొమ్మూరి సాంబశివరావు నవలలు, అంటే డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. ఆధారాలను వరసగా పేర్చే పద్ధతికి తెలుగులో ఇవే మొదలు చూడాల్సినవి. మన విశాఖలో పుట్టిన ఆరుద్ర కూడా "పలకల వెండి గ్లాసు" లాంటి అపరాధ పరిశోధన నవలలు రాశాడు. కవిగానే తెలిసినవాళ్లకు ఆశ్చర్యమే. నవ్వు కావాలంటే మల్లాది "చంటబ్బాయి". నేరం, పోలీసు, కోర్టు ఉండి పజిల్ అక్కర్లేదంటే రావిశాస్త్రి "ఆరు సారా కథలు". ఈ ఊళ్లో లాయరుగా నల్లకోటు వేసుకున్నాయన రాసినవి. అందులో దొంగసాక్ష్యం ఎలా తయారవుతుందో తెలుస్తుంది, ఏ థ్రిల్లరూ అంత చెప్పదు.

కొనేటప్పుడు ముందు వెనక నుంచి చూడండి. అట్ట ఊడినప్పుడు దాంతోపాటు పోయేది ఆఖరి ఫారమే, హంతకుడుండేదీ అక్కడే. ఫారం అంటే సాధారణంగా 16 పేజీలు. పేజీ నంబర్లు 16, 32, 48 దగ్గర తెగకుండా ఉన్నాయా చూసుకుంటూ పోండి.

మన ఊళ్లో సముద్రపు గాలికి కుట్టు పిన్నులు తుప్పుపడతాయి. తుప్పు చుట్టూ ఉన్న కాగితాన్ని తినేస్తుంది, మధ్య పేజీలు రాలిపోతాయి. పిన్నును లాగొద్దు. వెనక వైపు కాళ్లను పల్చటి బ్లేడుతో లేపి, నిటారుగా చేసి, ముందునుంచి తీయండి. అవే కన్నాల్లోంచి నూలు దారంతో కుట్టండి. నైలాన్ దారం పాత కాగితాన్ని కోస్తుంది. సెల్లో టేపు అసలు వద్దు, కొన్నేళ్లకు ఊడిపోయి గోధుమరంగు జిగురు మరక వదిలిపోతుంది. బీరువాను సముద్రం వైపు గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు ఉంచండి. ఎండలో ఆరబెట్టొద్దు, నీడలో గాలికి చాలు.

"త్రీ బాడీ ప్రాబ్లమ్" రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. పేర్లు గుర్తుండటం లేదు.
పాఠకురాలు, మద్దిలపాలెం

లియూ సిషిన్ రాసిన చైనా సైన్స్ ఫిక్షన్ నవల అది. పేర్ల గురించి తెలుగువాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. చైనావాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. యే వెన్‌జియే అంటే యే వారి అమ్మాయి. మొదట్లో సాంస్కృతిక విప్లవం ఘట్టాన్ని ఓపికగా చదవండి, తర్వాత ఆమె తీసుకునే నిర్ణయానికి కారణమంతా అక్కడుంది. చైనాలో పుస్తకంగా వచ్చినప్పుడు దాన్ని మధ్యలోకి నెట్టారు. 2014 ఇంగ్లీషు అనువాదం రచయిత కోరుకున్నట్టు మొదటికి తెచ్చింది. అప్పటికీ పడకపోతే ముందు ఐజాక్ అసిమోవ్ "ది కేవ్స్ ఆఫ్ స్టీల్" (1954) చదవండి. హత్య, డిటెక్టివ్, పక్కన రోబో సహాయకుడు. సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ కుదరదన్న సంపాదకుడికి అసిమోవ్ జవాబు అది.

పన్నెండేళ్ల పాపకు డిటెక్టివ్ కథలు?
పాఠకుడు, భీమిలి

సత్యజిత్ రాయ్ ఫెలూదా కథలు, గోపా మజుందార్ ఇంగ్లీషు అనువాదం, రెండు సంపుటాలు. పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి కాబట్టి మీరు ముందు చదివి చూసుకోనక్కర్లేదు.

అద్దెకు తెచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఎవరో పెన్సిల్‌తో హంతకుడి పేరు రాశారు. ఇక చదవాలా?
పాఠకురాలు, పెందుర్తి

మెత్తటి రబ్బరుతో ఒకే దిక్కుకు తుడిచేయండి, అటూ ఇటూ రుద్దితే పాత కాగితం చిరుగుతుంది. ఆ పుస్తకాన్ని తిరిగిచ్చేసి, పేరు మరిచిపోయాక ఓ ఏడాదికి మళ్లీ తెచ్చుకోండి. ఈలోగా కీగో హిగాషినో "ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్" చదవండి. ఎవరు చంపారో మొదట్లోనే రచయితే చూపిస్తాడు, దాచింది వేరే. దాని మొదటి పేజీలో ఎవరైనా పేరు రాసినా నష్టం లేదు.