నెమ్మదించింది కెర్నలా, కంపైలరా?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లోని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను డెబియన్ 12 నుంచి 13కు మార్చాను. దాని కేంద్ర భాగమైన లినక్స్ కెర్నల్ 6.1 పోయి 6.12 వచ్చింది. ఒక పెద్ద ప్రోగ్రామ్‌ను మార్పుకు ముందొకసారి, తర్వాతొకసారి కంపైల్ చేస్తే (అంటే సోర్స్ కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మారిస్తే), కొత్త కెర్నల్ 4 శాతం ఎక్కువ సమయం తీసుకుంది. పాతదానికి వెళ్లిపోవాలా?

జవాబు: తొందరపడకండి. మీరు పోల్చింది రెండు కెర్నళ్లను కాదు, రెండు వ్యవస్థలను. డెబియన్ 12లో కంపైలర్‌గా జీసీసీ 12 ఉండగా 13లో జీసీసీ 14 ఉంది. కంపైల్ సమయాన్ని కొలిచేటప్పుడు కంపైలరే మారిపోతే, ఆ తేడాను కెర్నల్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

మీరు తొలగించి ఉండకపోతే 6.1 కెర్నల్ ఇంకా డిస్కులోనే ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో దాన్ని ఎంచుకుని, ఇప్పటి డెబియన్ 13నే దాని మీద బూట్ చేయండి. అప్పుడు కంపైలరూ లైబ్రరీలూ అవే ఉండి కెర్నల్ ఒక్కటే మారుతుంది. ఛార్జర్ తగిలించి ఉంచండి, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను రెండుసార్లూ ఒకేలా పెట్టండి, పాత కంపైల్ ఫలితాలను దాచి మళ్లీ వాడే సీక్యాష్ వాడుతుంటే ఆపేయండి. బూట్ అయిన వెంటనే చేసే మొదటి కంపైల్‌లో ఫైళ్లన్నీ డిస్కు నుంచి రావాలి కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, తర్వాతి అయిదారింటి మధ్యస్థ విలువను తీసుకోండి. ఒకే కెర్నల్ మీద ఆ అయిదారు కొలతల మధ్యే 4 శాతం తేడా కనిపిస్తుంటే (వేడెక్కితే వేగం తగ్గించుకునే ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే) మీ ఫిర్యాదుకు ఆధారం లేనట్టే.

మొత్తం సమయాన్ని మాత్రమే చూడకండి. ఒక పనికి పట్టిన సమయాన్ని కొలిచే టైమ్ కమాండ్ ఇచ్చే మూడు అంకెల్లో ‘యూజర్’ అన్నది ప్రోగ్రామ్ సొంత పనికీ, ‘సిస్’ అన్నది దాని తరఫున కెర్నల్ చేసిన పనికీ పట్టిన ప్రాసెసర్ సమయం. కంపైల్‌లో సింహభాగం యూజర్‌దే. సిస్ పెరిగితే కెర్నల్‌ను అనుమానించవచ్చు. యూజర్ ఒక్కటే పెరిగితే ముందు కంపైలర్‌ను, ప్రాసెసర్ క్లాక్ వేగాన్ని చూడాలి. మెమరీ పేజీల కేటాయింపు తీరు మారినా యూజర్ సమయం కొంత కదులుతుంది కనుక ఇది తుది తీర్పు కాదు, మంచి ఆచూకీ మాత్రమే.

కెర్నల్‌లో నిజంగానే పెద్ద మార్పులు జరిగాయి. ఏ పనికి ప్రాసెసర్ ఎప్పుడు దక్కాలో నిర్ణయించే భాగమైన షెడ్యూలర్‌లో, 2007 నుంచి ఉన్న సీఎఫ్ఎస్ స్థానంలో 6.6 వెర్షన్‌లో ఈఈవీడీఎఫ్ వచ్చింది. దాని ప్రభావాన్ని చూడాలంటే కంపైల్ కంటే, ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల) మధ్య సందేశాలు పంపించి చూసే హ్యాక్‌బెంచ్ సరైన పరీక్ష. అంకెలు బాగా రావాలని స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాల నుంచి కాపాడే రక్షణలను మాత్రం ఆపేయకండి.

ఇంత చేశాక కూడా తేడా నిలిస్తే, మార్పుల చరిత్రను సగానికి సగం తగ్గిస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌తో కారణమైన మార్పును పట్టుకోవచ్చు. అయితే 6.1కీ 6.12కీ మధ్య లక్షకు పైగా కమిట్‌లు (నమోదైన మార్పులు) ఉన్నాయి, అంటే సగానికి సగం చొప్పున పదిహేడు సార్లకు పైగా కెర్నల్‌ను తయారు చేసుకోవాలి. ముందు 6.6ను పరీక్షిస్తే వెతకాల్సిన పరిధి దాదాపు సగానికి తగ్గుతుంది. కొలతల ఊగిసలాట కన్నా తేడా స్పష్టంగా పెద్దదైతేనే ఈ పనికి దిగండి. మధ్యలో ఒక్క కొలత తప్పుదారి పట్టించినా చివరికి ఏ సంబంధమూ లేని కమిట్ దోషిగా తేలుతుంది.