మీ తాతగారి డబ్బా సంగతి

చిరంజీవి నానికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. మీ తాతగారి అటక మీద పన్నెండు బోరు తుపాకీ పక్కనే రేకు డబ్బాలో స్మోక్‌లెస్ పౌడర్, అంటే తోటాల్లో పోసే పొగరాని తుపాకీ మందు, దొరికిందనీ, అది మిలిటరీ వాళ్ళు మిగిలిపోతే అమ్మేసిన డిస్పోజల్ సరుకని బావగారు చెప్పారనీ రాశావు. పారెయ్యడం దేనికి, ఖాళీ తోటాల్లో నింపుకుంటే పోలేదా అని అడిగావు. వద్దు నాయనా. ఆ డబ్బా మూత కూడా మళ్ళీ తియ్యకు.

ఆయుధ డిపోలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసినవాణ్ణి, ఈ మందు గుణం నాకు తెలుసు. ఇది పత్తికి నైట్రిక్ ఆసిడ్ పట్టించి చేసే సరుకు. తయారైన రోజు నుంచే లోలోపల కొద్దికొద్దిగా విరుగుతూ ఆసిడ్ వదులుతూ ఉంటుంది. ఆ ఆసిడ్‌ని పట్టి ఉంచడానికే డైఫినైలమైన్ లాంటి రసాయనం కలుపుతారు. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె అనుకో. అది ఉన్నన్నాళ్ళూ ఫరవాలేదు. అయిపోయాక పుట్టిన ఆసిడే మిగతా మందుని తినేస్తుంది, వేడి పుడుతుంది, ఒక్కోసారి ఎవరూ అగ్గి పెట్టకుండానే అంటుకుంటుంది. వేడీ చెమ్మా దీన్ని తొందరపెడతాయి. మన కోనసీమలో రోహిణి కార్తెకి పెంకుల కింద అటక ఎలా కాగిపోతుందో నీకు చెప్పాలా? పైగా 1996 నవంబరు తుపానుకి మీ ఇంటి పెంకులు లేచిపోయి అటకంతా తడిసింది.

డిపోలో ఒకసారి ఇలాంటి పాత డబ్బా తెరిచాం. గోధుమరంగు పొగ సన్నగా లేచింది. కంసాలి బంగారానికి ఆసిడ్ పరీక్ష పెట్టేటప్పుడు ముక్కుని కోసే ఘాటు ఉంటుందే, అచ్చం అదే. మూత అంచంతా తుప్పు, పలుకుల మీద ఎర్రటి పొడి. మంచి మందైతే స్పిరిట్, ఈథర్ లాంటి వాసన వస్తుంది. నీ రెండో ఫోటోలో మూత లోపల గోధుమ మరక చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఫ్రాన్సు వాళ్ళ యుద్ధనౌకలు రెండు, 1907లో ఇయేనా, 1911లో లిబెర్టే, తూలోన్ రేవులోనే పేలిపోయాయి. పాడైన మందే దానికి కారణమన్నారు. లిబెర్టేతో మూడొందల మంది దాకా పోయారు.

పోనీ మందు చెడలేదనుకో. అది ఏ మందు? రైఫిల్‌దా, పన్నెండు బోరుదా, ఫిరంగిదా? పలుకులు చూసి ఎంత వేగంగా కాలుతుందో చెప్పగలిగే మొనగాడు లేడు, నేనూ చెప్పలేను. తప్పు మందు పడితే తుపాకీ గొట్టం పగిలేది తోటా కూర్చునే చోటు దగ్గర, అంటే నీ ముఖానికీ చేతికీ పక్కనే. అమెరికాలో మీ పెదనాన్న కొడుకు పాత మందుతోనే తోటాలు చేసుకుంటాడన్నావు. నిజమే, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన మిలిటరీ మిగులు మందు కొని అక్కడ అమ్మాడు. కానీ అది పేరున్న మందు, ఏ తోటాకి ఎంత వాడాలో లెక్కలున్న మందు. లేబుల్ లేని డబ్బా జోలికి అక్కడ జాగ్రత్త తెలిసినవాడెవడూ పోడు.

ఇక చట్టం. 1959 ఆయుధ చట్టం ప్రకారం తోటాలు తయారు చెయ్యాలంటే దానికి వేరే లైసెన్సు ఉండాలి. తాతగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. కాబట్టి తుపాకీని స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, వారసుడిగా నీ పేరున దరఖాస్తు పెట్టు. ఆ తుపాకీ మీద నీకున్న మమకారం నాకు తెలుసు. కాగితాలు నేను దగ్గరుండి చూస్తాను. లైసెన్సు వచ్చాక ఫ్యాక్టరీ తోటాలే కొనుక్కో.

ఈ ఉత్తరం చదవగానే స్టేషన్‌కి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు, వాళ్ళ మనుషులే వచ్చి తీసుకెళ్తారు. డబ్బా నువ్వు కదపకు. కాలవలో పారబొయ్యకు, కొబ్బరి డొక్కల మంటలో వెయ్యకు. మూత బిగించి ఉన్న మందుకి మంట తగిలితే బాంబే. అటక కింద పొయ్యి వెలిగించొద్దని అక్కయ్యతో చెప్పు, బావగార్ని చుట్ట వీధి అరుగు మీదే కాల్చుకోమను. నేను బుధవారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. ఈలోగా పిల్లలు ఎక్కకుండా ఆ నిచ్చెన తీసి పెరట్లో పడుకోబెట్టు.

మీ మామయ్య